కొత్త కెమెరాలో ఫోటోలు తెల్లగా వెలిసిపోతున్నాయా? ముందు ఎక్స్‌పోజర్ డయల్ చూడండి

లేపాక్షి గుడి మండపంలో పైకప్పు చిత్రాలు బాగానే వచ్చాయి. బయటికొచ్చి ఎండలో ఏకశిలా నందిని తీస్తే ఒళ్లంతా సున్నం కొట్టినట్టుంది, మెడలో చెక్కిన గంటలు కూడా కనిపించడం లేదు. ఆటో మోడ్‌లో పెడితే మామూలుగా వస్తోంది, కొన్ని సెట్టింగులు మన చేతిలో ఉండే పీ, ఏ మోడ్‌లలోనే పాడవుతోంది. కొత్తగా కెమెరా కొన్నవాళ్లు నా దగ్గరికి ఎక్కువగా తెచ్చే సమస్య ఇదే. బ్యాటరీ, కార్డ్, లెన్స్ మీద వేలిముద్రలు మీరే చూసుకుని ఉంటారు, వాటి జోలికి వెళ్లను.

కారణం దాదాపు ప్రతిసారీ ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్, అంటే ఫోటోని కెమెరా లెక్క కంటే వెలుతురుగానో చీకటిగానో తీయమని చెప్పే డయల్. +1 అంటే కెమెరా లెక్కగట్టిన వెలుతురుకు రెట్టింపు, +2 అంటే నాలుగు రెట్లు. చీకటి మండపంలో బొమ్మ కనిపించాలని మీరే +2కి తిప్పి ఉంటారు. లేదంటే సంచిలోంచి తీసేటప్పుడు జిప్‌కి రాసుకుని తిరిగి ఉంటుంది, ఎందుకంటే చాలా కెమెరాల్లో ఆ డయల్ కుడిచేతి బొటనవేలి దగ్గర, సరిగ్గా అంచు మీదే ఉంటుంది. ఫోటోలు మైనస్‌లోకి పోయి నల్లగా వస్తున్నా ఇదే కథ.

జనం ఇక్కడే గంటలు పోగొట్టుకుంటారు. ఆఫ్ చేసి ఆన్ చేస్తారు, బ్యాటరీ తీసి పెడతారు, చివరికి మెనూలో అన్నీ రీసెట్ చేసేస్తారు. అంకెలు చెక్కిన డయల్ అయితే రీసెట్ దాన్ని కదపలేదు, అది ఉన్నచోటే ఉంటుంది. చాలా కెమెరాల్లో ఆటో మోడ్ ఈ డయల్‌ని పట్టించుకోదు, అందుకే తప్పు మోడ్‌దేనని అనుకుంటారు. దయచేసి ముందు డయల్ వైపు ఒక్కసారి చూడండి. 0 దగ్గర లేకపోతే తిప్పండి. పాడైన ఫోటో తెరిచి ఇన్ఫో బటన్ నొక్కితే +2.0 అని దాని వివరాల్లోనే కనిపిస్తుంది. ఒక్కో ఫోటో వెనక్కి వెళ్తే ఎక్కడినుంచి తేడా వచ్చిందో తెలుస్తుంది.

ఎండలో స్క్రీన్ మసగ్గా కనిపిస్తుంది కదా, ఫోటో చీకటిగా వచ్చిందనుకుని ప్లస్ పెంచేస్తుంటారు. స్క్రీన్‌ని నమ్మకండి, హిస్టోగ్రామ్ చూడండి, అంటే ఫోటోలో నలుపు ఎంతో ఎడమవైపు, తెలుపు ఎంతో కుడివైపు గుట్టలా చూపించే చిన్న గ్రాఫ్. గుట్ట కుడి అంచుకి అతుక్కుపోతే ఆ తెలుపులోని వివరం పోయినట్టే, మామూలు జేపెగ్ ఫోటోలో మళ్లీ రాదు. ఎండ పడే రాయి దగ్గర గుట్ట అలా అతుక్కుపోతుంటే -0.3 లేదా -0.7 పెట్టుకోవడం నయం.

డయల్ 0లో ఉన్నా తెల్లగానే వస్తుంటే ఐఎస్‌ఓ చూడండి, అంటే వెలుతురుకు కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె. మండపంలో పెట్టిన 3200 అలాగే ఉండిపోయి ఉంటుంది. మిట్టమధ్యాహ్నం లెన్స్ రంధ్రం ఎఫ్/5.6 దగ్గర ఉంటే దానికి సుమారు 1/25,000 సెకను షట్టర్ వేగం కావాలి. చాలా కెమెరాల మెకానికల్ షట్టర్ 1/4000 దగ్గరే ఆగిపోతుంది. అప్పుడు షట్టర్ అంకె మినుకుమినుకుమంటుంది, అది హెచ్చరిక. ఆటో ఐఎస్‌ఓ పెడితే సరిపోతుంది.

ఇవన్నీ చూశాక కూడా మారకపోతే షట్టరే పాడై ఉండవచ్చు, అది చాలా అరుదు, సర్వీస్ సెంటర్‌కి ఇవ్వండి. ఫోటో స్పష్టంగా ఉండి వ్యూఫైండర్‌లో మాత్రమే మసగ్గా కనిపిస్తే, కన్ను పెట్టే చోట పక్కనున్న చిన్న చక్రాన్ని లోపలి అంకెలు స్పష్టంగా కనిపించేదాకా తిప్పండి.