ఆరిజోనా, యూటా ట్రిప్‌లో టైమ్ తికమక లేకుండా

వేసవిలో అమెరికాలో ఆరిజోనాలోని గ్రాండ్ కేన్యన్, యాంటెలోప్ కేన్యన్, యూటాలోని జయాన్ పార్క్ కలిపి కారులో తిరిగేవాళ్లకు పెద్ద చికాకు ఫోన్‌లో టైమ్. ఆరిజోనాలో వేసవికి గడియారం మార్చరు, యూటాలో గంట ముందుకు జరుపుతారు. యాంటెలోప్ దగ్గరి పేజ్ ఊరు ఆరిజోనాలోనే ఉన్నా యూటా సరిహద్దు పక్కనే కాబట్టి ఫోన్ ఏ టవర్‌ను పట్టుకుంటే ఆ టైమ్ చూపిస్తుంది. బుక్ చేసుకున్న టూర్ ఎక్కడ తప్పిపోతుందోనని ఒకటే టెన్షన్.

ఇద్దరు కలిసి వెళ్తే ఇద్దరి దగ్గరా ఫోన్లు ఉంటాయి కదా. సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ టైమ్ జోన్ ఆపేసి ఒకదాంట్లో ఫీనిక్స్ (ఆరిజోనా టైమ్), రెండోదాంట్లో డెన్వర్ (యూటాలోనూ ఇదే టైమ్) పెట్టండి. గ్రాండ్ కేన్యన్, యాంటెలోప్‌లకు ఫీనిక్స్ ఫోన్ చూడండి. జయాన్‌కు, యూటాలోనే ఉన్న బ్రైస్ కేన్యన్‌కు డెన్వర్ ఫోన్. పొద్దున అలారం, టికెట్ స్క్రీన్‌షాట్ కూడా ఏ చోటికి ఏ ఫోన్ చూస్తారో ఆ ఫోన్‌లోనే ఉంచితే లెక్కలు వేసుకోవాల్సిన పని ఉండదు.

ఒక్క మాన్యుమెంట్ వ్యాలీ దగ్గర జాగ్రత్త. ఆరిజోనా వైపు ఉన్నా సరే డెన్వర్ ఫోనే చూడాలి, ఎందుకంటే అది నవాహో ఆదివాసీల ప్రాంతమైన నవాహో నేషన్‌లో ఉంది, అక్కడ వేసవి టైమ్ పాటిస్తారు. యాంటెలోప్ కూడా నవాహో భూమే, కానీ అక్కడి టూర్లు పేజ్ టైమ్ (అంటే ఫీనిక్స్ టైమ్) ప్రకారం నడుస్తాయి. ఇంటికి రాగానే రెండు ఫోన్లూ మళ్లీ ఆటోమేటిక్‌కి మార్చేయండి.