హెచ్4 మీద వచ్చి ఎంఎస్ చదవాలనుకునేవారికి

హెచ్4 వీసా (హెచ్1 ఉద్యోగ వీసా ఉన్నవారి భార్యకో భర్తకో ఇచ్చేది) మీద కొత్తగా అమెరికా వచ్చిన అమ్మాయిలు నన్ను తరచూ అడిగే మాట, "అక్కా, ఏ యూనివర్సిటీకి అప్లై చేయమంటారు?" అని. నేను తిరిగి అడిగేది ఒకటే. హెచ్4 మీదే చదువుతావా, విద్యార్థి వీసా అయిన ఎఫ్1కి మారతావా? ఫీజు ఎంతవుతుంది, సెమిస్టర్‌కి ఎన్ని కోర్సులు తీసుకోవాలి, క్యాంపస్‌లో పని చేయవచ్చా, చదువయ్యాక ఉద్యోగానికి దారి ఏది, ఇవన్నీ ఆ జవాబును బట్టే ఉంటాయి. పెళ్లయి 2017లో నేను టెక్సాస్ వచ్చినప్పుడు ఈ మాట చెప్పేవాళ్లు లేక ఒక ఏడాది పోగొట్టుకున్నాను. మీకు అలా కాకూడదని రాస్తున్నాను.

చదువుకోవాలంటే వీసా మార్చుకుని తీరాలని మనవాళ్లలో చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. హెచ్4 మీద ఉన్నవాళ్లు, ఎఫ్1 కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం లేకుండానే డిగ్రీ చదవవచ్చు. ఫుల్‌టైమ్ చదవవచ్చు, పార్ట్‌టైమ్ కూడా చదవవచ్చు. చంటిబిడ్డ తల్లికి ఇది ఎంత వెసులుబాటో చెప్పలేను. సెమిస్టర్‌కి ఒక్క కోర్సు, అదీ ఆయన ఆఫీసు నుంచి వచ్చాక సాయంత్రం క్లాసు, తీసుకుని నెమ్మదిగా పూర్తి చేసినవాళ్లు నాకు తెలుసు. ఎఫ్1 అయితే ఫుల్‌టైమ్ తప్పదు. ఎంఎస్‌లో చాలా చోట్ల దానికి అర్థం సెమిస్టర్‌కి 9 క్రెడిట్లు.

హెచ్4 వల్ల ఇంకో మేలు ఫీజులో ఉంది. స్టేట్ యూనివర్సిటీల్లో ఆ రాష్ట్రంలో స్థిరనివాసం ఉన్నవాళ్లకు ఒక ఫీజు, బయటివాళ్లకు ఇంకొకటి. కొన్ని చోట్ల ఈ తేడా రెట్టింపుకు పైనే ఉంటుంది. ఎఫ్1 విద్యార్థులను సాధారణంగా బయటివాళ్ల కిందే లెక్కేస్తారు. హెచ్4 వాళ్లు మాత్రం టెక్సాస్, కాలిఫోర్నియా వంటి రాష్ట్రాల్లో ఏడాది నివాసం చూపిస్తే ఇన్‌స్టేట్ ఫీజు అడగవచ్చు. కాలిఫోర్నియాలో ఆ లెక్క 366 రోజులు. రాష్ట్రానికో నిబంధన ఉంటుంది కాబట్టి ఆ యూనివర్సిటీ రెసిడెన్సీ ఆఫీసుకే మెయిల్ పెట్టి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

ఇక్కడే కొత్తగా దిగినవాళ్లకు ఒక మాట. అపార్ట్‌మెంట్ లీజు, కరెంటు బిల్లు, బ్యాంకు ఖాతా అన్నీ ఆయన పేరు మీదే తీసుకుంటాం, అలవాటుగా. ఏడాది తర్వాత ఫీజు దగ్గర "మీరు ఇక్కడే ఉంటున్నట్టు రుజువు చూపించండి" అంటే మన పేరుతో ఒక్క కాగితం ఉండదు. లీజులో రెండో పేరుగా మీ పేరు రాయించండి. జాయింట్ ఖాతా తెరవండి. డ్రైవింగ్ రాకపోయినా కనీసం స్టేట్ ఐడీ కార్డు తీసుకోండి. దిగిన మొదటి నెలలోనే ఈ మూడూ చేయండి. చదువు మాట ఇంకా అనుకోకపోయినా సరే.

హెచ్4తో చిక్కు ఉద్యోగం దగ్గర వస్తుంది. టీచింగ్ అసిస్టెంట్‌షిప్, రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్ కూడా ఉద్యోగమే. నాకు అడ్మిషన్ వచ్చాక డిపార్ట్‌మెంట్‌లో ఒక ప్రొఫెసర్ టీచింగ్ అసిస్టెంట్‌గా తీసుకుంటానన్నారు. ఫీజులో చాలా భాగం మాఫీ, నెలకు కొంత జీతం. ఇంటర్నేషనల్ ఆఫీసుకి వెళ్లి అడిగితే హెచ్4 మీద కుదరదన్నారు. ఎఫ్1కి మారేలోపు ఆ సెమిస్టర్ మొదలైపోయింది, ఆ అవకాశం ఇంకొకరికి వెళ్లింది. నేను పోగొట్టుకున్న ఏడాది అదే. ఎఫ్1 మీద అయితే క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటల దాకా క్యాంపస్‌లో పని చేయవచ్చు. చదువయ్యాక 12 నెలల ఓపీటీ (చదివినదానికి సంబంధించిన ఉద్యోగం చేసుకునే అనుమతి), స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) కోర్సు అయితే దాని మీద ఇంకో 24 నెలలు. హెచ్4 వాళ్లకు ఓపీటీ లేదు, చదువు మధ్యలో ఇంటర్న్‌షిప్‌కి వీలిచ్చే సీపీటీ లేదు. భర్తకు ఐ-140 (గ్రీన్‌కార్డ్ కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయి ఉంటే సంగతి వేరు. 2015 నుంచి అలాంటివారి భార్యాభర్తలకు హెచ్4 ఈఏడీ, అంటే పని చేసుకునే అనుమతి కార్డు, ఇస్తున్నారు. అది చేతిలో ఉంటే హెచ్4 మీదే ఉండి అసిస్టెంట్‌షిప్ కూడా చేసుకోవచ్చు.

ఎఫ్1కి మారడానికి డబ్బుతో సంబంధం లేని కారణం కూడా ఒకటుంది. హెచ్4 ఆయన హెచ్1 మీద ఆధారపడ్డ స్టేటస్. ఆయన ఉద్యోగం పోతే మామూలుగా దొరికే గడువు 60 రోజులు. సగం చదువులో ఉన్న మీకూ అంతే. సొంత స్టేటస్ ఉండటం ఎంత ధైర్యమో లేఆఫ్‌ల కాలంలో మా వీధిలో రెండు ఇళ్లలో చూశాను.

మరి రెండింటిలో ఏది? చేతిలో చిన్నపిల్లలు, ఇన్‌స్టేట్ ఫీజు దొరికే వీలు ఉంటే హెచ్4 మీద మొదలుపెట్టి, తర్వాత మారడం నాకు మంచిదనిపిస్తుంది. అయితే ఆ మార్పును చివరి సెమిస్టర్‌కి వాయిదా వేయకండి. ఓపీటీ రావాలంటే కనీసం ఒక విద్యాసంవత్సరం ఫుల్‌టైమ్ చదివి ఉండాలి. మార్పుకు యూనివర్సిటీ నుంచి ఐ-20 తీసుకుని, 350 డాలర్ల సెవిస్ (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ రికార్డు) ఫీజు కట్టి, స్టేటస్ మార్చమని కోరే ఐ-539 ఫారం వేయాలి. నెలలు పడుతుంది. ఈలోపు హెచ్4 మీద క్లాసులకు వెళ్లవచ్చు గానీ, ఎఫ్1 అప్రూవ్ అయ్యేదాకా పని చేయకూడదు. ఆ సమయంలో దేశం దాటితే ఆ అప్లికేషన్‌ను వదులుకున్నట్టే లెక్క. తమ్ముడి పెళ్లి ఉందని వెళ్లి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టినవాళ్లున్నారు. ఇండియా వెళ్లి ఎఫ్1 స్టాంపింగ్ చేయించుకోవడం ఇంకో దారి, కానీ అక్కడ ఇంటర్వ్యూలో తిరస్కరించే ప్రమాదం ఉంది. గ్రీన్‌కార్డ్ ప్రక్రియ నడుస్తున్న కుటుంబాలైతే ఫారం వేసే ముందు లాయర్‌తో ఒక గంట మాట్లాడండి. చదువయ్యాక తిరిగి వెళతానని ఎఫ్1లో చూపించాలి కాబట్టి ఆ రెండూ ఎలా పొసగుతాయో లాయర్ చెప్పాలి.

ఇక కాగితాలు. ఇండియా నుంచి బయల్దేరకముందే ఇది చదువుతున్నవాళ్లు అదృష్టవంతులు. మార్కుల మెమోలు, కన్సాలిడేటెడ్ మెమో, ప్రొవిజనల్, ఒరిజినల్ డిగ్రీ, ఇవన్నీ స్కాన్ చేసి, అసలువి చేతి బ్యాగులో పెట్టుకోండి. బీటెక్ అయి అయిదేళ్లయినా ప్రొవిజనల్‌తోనే నెట్టుకొస్తూ ఒరిజినల్ డిగ్రీ తీసుకోనివాళ్లు మనలో ఎందరో. దాన్ని ఇప్పుడే తెచ్చుకోండి. యూనివర్సిటీ ఎగ్జామినేషన్ బ్రాంచ్‌లో ట్రాన్స్‌క్రిప్ట్స్‌కి అప్లై చేసి, సీలు వేసిన కవర్లు నాలుగైదు ఎక్కువే తీయించుకోండి. ఆ సీలు మీరు తెరిస్తే కవరు చెల్లదు. ఇప్పటికే వచ్చేసి ఉంటే నాన్నకో అన్నయ్యకో ఆథరైజేషన్ లెటర్ రాసి పంపాలి. మా నాన్న కాకినాడకి మూడుసార్లు బస్సెక్కారు. మొదటిసారి నేను రాసిన లెటర్‌లో నా హాల్‌టికెట్ నంబర్ వేయడం మర్చిపోయాను.

ఒక ఊరట ఏమిటంటే, అప్లికేషన్ దశలో చాలా యూనివర్సిటీలు స్కాన్ కాపీ అప్‌లోడ్ చేస్తే చాలంటాయి. సీలు కవరు అడ్మిషన్ వచ్చాకే అడుగుతాయి. మన డిగ్రీ ఇక్కడ దేనికి సమానమో చెప్పే డబ్ల్యూఈఎస్ సంస్థ మూల్యాంకనం కూడా అందరూ అడగరు. అడిగినచోట మాత్రం కోర్సువారీ రిపోర్టు కావాలో, మామూలుది చాలో చూసుకుని కట్టండి. మన పర్సెంటేజీని మీరే ఇక్కడి నాలుగు పాయింట్ల జీపీఏలోకి లెక్కగట్టి వేయకండి. ఫారంలో ప్రత్యేకంగా అడిగితే తప్ప, మెమోలో ఎలా ఉంటే అలాగే, 72 శాతం అయితే 72 అనే రాయాలి.

మూడేళ్ల బీఎస్సీ, బీకాం చదివినవాళ్లు జాగ్రత్తగా చూసుకోవాలి. ఇక్కడి బ్యాచిలర్స్ నాలుగేళ్లది కాబట్టి కొన్ని యూనివర్సిటీలు మూడేళ్ల డిగ్రీని ఒప్పుకోవు, కొన్ని ఒప్పుకుంటాయి. దాని మీద ఎంసీఏ, ఎమ్మెస్సీ, ఎంబీఏ ఉంటే ఇబ్బంది సాధారణంగా తీరుతుంది. అప్లికేషన్ ఫీజు తిరిగి ఇవ్వరు, కాబట్టి ముందే అడిగి తెలుసుకోండి.

పేరు గురించి ఇంకెవరూ మనకు చెప్పరు, ఎందుకంటే ఇది అచ్చంగా మన సమస్య. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు ఉంటుంది, లేదా ఒక్క అక్షరంగా ఉంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. పెళ్లయ్యాక కొందరు ఆయన ఇంటిపేరుకి మార్పించుకుంటారు. కొందరి పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో పడి, వీసా మీద పేరు స్థానంలో ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, పేరు తెలియదు) అని వస్తుంది. అప్లికేషన్‌లో, టోఫెల్‌లో, జీఆర్ఈలో పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయండి. "వేరే పేర్లు" అనే గడిలో డిగ్రీ మీద ఉన్న పేరు అక్షరం తేడా లేకుండా వేయండి. ఆ గడి ఖాళీగా వదిలేస్తే మీ ట్రాన్స్‌క్రిప్ట్స్ ఒక ఫైల్లో, స్కోర్లు ఇంకో ఫైల్లో ఉండిపోతాయి. మ్యారేజ్ సర్టిఫికెట్ కాపీ ఒకటి దగ్గరుంచుకోండి.

జీఆర్ఈ చాలా డిపార్ట్‌మెంట్లు ఎత్తేశాయి, కాబట్టి ముందు అది చూసుకున్నాకే పుస్తకాలు కొనండి. స్కోరు అయిదేళ్లు చెల్లుతుంది. టోఫెల్, ఐఈఎల్‌టీఎస్ రెండేళ్లే. పెళ్లికి ముందు రాసిన టోఫెల్ ఉందిగా అనుకుంటే తేదీ చూసుకోండి.

రికమెండేషన్ లెటర్ల దగ్గర మన అమ్మాయిలు ఎక్కువగా ఆగిపోతారు. మామూలుగా మూడు అడుగుతారు. కాలేజీ వదిలి ఆరేడేళ్లయింది, మాస్టారికి మనం గుర్తుంటామో లేదో అని మెసేజ్ పెట్టడానికే మొహమాటం. పెట్టండి. ఏ బ్యాచ్, ఏ ప్రాజెక్టు, ఆయన క్లాసులో ఏం చేశారు, రెండు మార్కుల మెమోలు, ఒక ఫోటో జతచేస్తే గుర్తొస్తారు. లెటర్ కాలేజీ మెయిల్ ఐడీ నుంచి రావాలి, సొంత జీమెయిల్ నుంచి వస్తే కొన్ని యూనివర్సిటీలు పక్కన పెడతాయి. కాలేజీ ఐడీ లేకపోతే ఆ సంగతి అడ్మిషన్స్‌కి ముందే రాయండి. కొందరు మాస్టార్లు "నువ్వే రాసి పంపమ్మా, సంతకం పెడతా" అంటారు. ఒప్పుకోకండి. మూడు లెటర్లూ ఒకే చేతి రాతలా ఉంటే చదివేవాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది. మీరు చేసినవి పాయింట్లుగా పంపి, వాక్యాలు వారినే రాయమనండి. ఇండియాలో ఉద్యోగం చేసి ఉంటే మేనేజర్ లెటర్ ఒకటి పనికొస్తుంది.

మూడో లెటర్‌కి నేను అందరికీ చెప్పే దారి దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీ. హెచ్4 మీద అక్కడ ఒక్క క్లాసులో చేరవచ్చు. స్టాటిస్టిక్స్, ప్రోగ్రామింగ్, అకౌంటింగ్, ఏదైనా మీరు వెళ్లాలనుకున్న కోర్సుకి దగ్గరిది. ఫీజు యూనివర్సిటీతో పోలిస్తే చాలా తక్కువ. ప్రతి క్లాసుకీ వెళ్లి, ఆఫీస్ అవర్స్‌లో కూర్చుని సందేహాలు అడిగితే, సెమిస్టర్ చివరికి మిమ్మల్ని నిజంగా ఎరిగిన ఇక్కడి టీచర్ ఒకరు మీకు ఉంటారు. చదువు ఆగిన ఏళ్ల గురించి అప్లికేషన్‌లో చెప్పుకోవలసిన పని కూడా ఆ గ్రేడే చేసిపెడుతుంది. అప్లికేషన్‌తో పాటు మన ఉద్దేశం చెబుతూ రాసే ఎస్‌ఓపీలో మాత్రం ఆ విరామాన్ని రెండు వాక్యాల్లో చెప్పి వదిలేయండి. క్షమాపణ అడగకండి. పెళ్లి, ప్రసవం, దేశం మారడం తప్పులు కావు. మిగతా పేజీ ఏం చదవాలనుకుంటున్నారో, ఆ డిపార్ట్‌మెంట్‌లోనే ఎందుకో రాయండి.

ఆగస్టు, సెప్టెంబర్‌లలో మొదలయ్యే ఫాల్ సెమిస్టర్ సీట్లకు గడువు చాలా చోట్ల డిసెంబర్ నుంచి మార్చి లోపు ఉంటుంది. పీహెచ్‌డీకి, అసిస్టెంట్‌షిప్‌కి డిసెంబర్, జనవరిలోనే ముగుస్తుంది. ఆర్థిక సాయంతో ఆఫర్ ఇచ్చిన యూనివర్సిటీలు చాలావరకు ఏప్రిల్ 15 దాకా జవాబు కోసం ఆగుతాయి. అంతకుముందే తేల్చమని తొందరపెడితే ఆ తేదీ గుర్తుచేయండి.

"టెస్టులొద్దు, క్లాసులకు రానక్కర్లేదు, మొదటి రోజు నుంచే పని చేసుకోవచ్చు" అని ఎవరైనా ఫోన్ చేస్తే, చెప్పినవాళ్లు మనవాళ్లే అయినా, పెట్టేయండి. 2011లో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు నష్టపోయినవాళ్లలో చాలామంది తెలుగు పిల్లలే. కొందరి కాళ్లకు రేడియో ట్యాగులు కట్టారు. 2019లో బయటపడ్డ ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అయితే ఇమిగ్రేషన్ అధికారులే పెట్టిన నకిలీది. అందులోనూ మనవాళ్లే ఎక్కువగా చిక్కుకున్నారు. ఆ ఫార్మింగ్టన్ పేరు అప్పట్లో ప్రభుత్వ జాబితాలోనూ కనిపించేది, కాబట్టి ఐ-20 ఇచ్చే అనుమతి ఉందా అని ఒక్కటే చూస్తే చాలదు. క్లాసులు నిజంగా జరుగుతున్నాయా, అధ్యాపకులెవరు, అక్కడ చదివినవాళ్లు ఇప్పుడేం చేస్తున్నారు, ఇవి కనుక్కోండి. వీలైతే కారేసుకుని వెళ్లి క్యాంపస్ చూసి రండి. ఇక్కడే ఉన్నాం కదా, ఇండియా నుంచి అప్లై చేసేవాళ్లకు లేని సౌకర్యం అది.

అడ్మిషన్ వచ్చాక హెల్త్ ఇన్సూరెన్స్ బిల్లు ఫీజుతో కలిపి వస్తుంది. ఆయన కంపెనీ ఇన్సూరెన్స్‌లో మీరుంటే మినహాయింపు అడిగే వీలు చాలా చోట్ల ఉంది. దానికి గడువు సెమిస్టర్ మొదట్లోనే అయిపోతుంది. ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా) టీకా రెండు డోసులు వేయించుకున్నట్టు రుజువు కూడా అడుగుతారు. రుజువు లేకపోతే రక్తపరీక్ష చేయించుకోవాలి, లేదా మళ్లీ వేయించుకోవాలి. అమ్మ బీరువాలో చిన్నప్పటి టీకాల కార్డు ఇంకా ఉంటే, ట్రాన్స్‌క్రిప్ట్స్ పంపే పార్శిల్‌లోనే దాన్నీ పెట్టించండి.