లుండ్ వెళ్తున్నారా? గది వెతుకులాట ఏప్రిల్‌లోనే మొదలుపెట్టండి

స్వీడన్‌లోని లుండ్ యూనివర్సిటీ నుంచి అడ్మిషన్ మెయిల్ రాగానే ఇంట్లో ఫీజు, లోను, వీసా గురించిన మాటలు మొదలవుతాయి. గది సంగతి అన్నిటికంటే వెనక్కి పోతుంది. "వెళ్లాక చూసుకోవచ్చు, అక్కడ మనవాళ్లు ఉంటారు" అని ఎవరో ఒకరు ధైర్యం చెబుతారు. డల్లాస్‌కో న్యూజెర్సీకో వెళ్లేవాళ్లకు ఆ మాట చెల్లుతుంది. నలుగురు కలిసి ఫ్లాట్ తీసుకుని, ఐదోవాడు దిగితే హాల్లో పరుపు వేస్తారు. లుండ్‌లో అది కుదరదు. యూనివర్సిటీలో 40 వేలకు పైగా విద్యార్థులుంటే, ఊరి జనాభా లక్షకు అటూఇటూ. మనవాళ్లు కొద్దిమందే. వాళ్లుండేవి కూడా ఎక్కువగా ఒక్కరికే రాసిచ్చిన కారిడార్ గదులు, అంటే గది విడిగా, వంటిల్లు ఉమ్మడిగా ఉండేవి. మనసున్నా చోటివ్వలేరు.

ఈ ఊళ్లో గదులు చాలావరకు క్యూలో ముందున్నవాళ్లకే వస్తాయి. చేతిలో డబ్బుండి ఆగస్టులో దిగినవాడికంటే, ఏప్రిల్‌లో నాలుగు చోట్ల పేరు రాయించుకున్నవాడికే ముందు తాళంచెవి దొరుకుతుంది. మాస్టర్స్ మొదటి రౌండ్ ఫలితాలు మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో వస్తాయి. పేర్లు రాయించే పని ఆ వారంలోనే పెట్టుకోండి.

మొదటిది యూనివర్సిటీ సొంత విభాగం, ఎల్‌యూ అకామడేషన్. విదేశీ విద్యార్థుల కోసమే ఉన్నది. దరఖాస్తుకు గడువుంటుంది. ఆఫర్ వచ్చాక ఒప్పుకోవడానికి ఇచ్చే సమయం కూడా తక్కువే. గది చిన్నదనో, క్యాంపస్‌కు దూరమనో దాన్ని వదులుకోకండి, రెండో ఆఫర్ వస్తుందన్న నమ్మకం లేదు. రెండోది ఏఎఫ్ బోస్టేడర్, ఊళ్లో అతి పెద్ద విద్యార్థి గృహసంస్థ. డెల్ఫీ, స్పార్టా, విల్డాండెన్ అని మీ చెవిన పడే కాలనీలు దానివే. కొత్తగా చేరేవాళ్లకు 'నోవిష్' పేరుతో లాటరీ పెడతారు. నమోదుకు కొద్ది రోజులే గడువుంటుంది కాబట్టి ఆ తేదీలు చూసి ఇప్పుడే ఫోన్‌లో అలారం పెట్టుకోండి. దీనికి స్టూడెంట్‌లుండ్ సభ్యత్వం, అంటే అక్కడి విద్యార్థి సంఘాల ఉమ్మడి సభ్యత్వం ఉండాలి. మూడోది నేషన్లు. స్మోలాండ్స్, కల్మర్, ఓస్ట్‌యోటా లాంటివి మొత్తం 13 ఉన్నాయి. విద్యార్థి సంఘాలే అయినా వీటిలో చాలావాటికి సొంత హాస్టళ్లున్నాయి. ఒక్కోదానికి ఒక్కో పద్ధతి, విడివిడిగా రాయాలి. ఇంతమందికి రాయడం విసుగే, కానీ ఒక సాయంత్రం కూర్చుంటే అయిపోతుంది.

వీటిలో ఏదీ తేలకపోతే మిగిలేది ప్రైవేటు అద్దె. మోసాలు ఎక్కువగా జరిగేది ఇక్కడే, కాబట్టి ఈ భాగం నిదానంగా చదవండి.

నేను వెళ్లిన ఏడాది జూన్ నెలాఖరుకు కూడా నాకు గది తేలలేదు. ఒక రాత్రి హనుమకొండలో మా ఇంట్లో కూర్చుని చూస్తుంటే ఒక ప్రకటన కనబడింది. లుండ్ నడిబొడ్డున సింగిల్ ఫ్లాట్, తెల్లటి వంటిల్లు, నెలకు 5,200 క్రోనాలు. మెసేజ్ పెడితే పది నిమిషాల్లో జవాబు వచ్చింది. తాను ఉద్యోగం మీద వేరే దేశంలో ఉన్నానని, రెండు నెలల అద్దె పంపితే తాళాలు కొరియర్ చేస్తానని, నచ్చకపోతే డబ్బు వెనక్కిస్తానని ఎంతో మర్యాదగా రాశాడు. నమ్మకానికి తన పాస్‌పోర్టు ఫోటో కూడా పంపాడు. 10,400 క్రోనాలు పంపడానికి నాన్న బ్యాంకు యాప్ తెరిచారు. ఆ టైంలో అక్క వంటిల్లు ఫోటోను పెద్దది చేసి చూసింది. కెటిల్ పక్కన గోడకు ఉన్న ప్లగ్ సాకెట్‌కు మూడు నలుచదరపు రంధ్రాలున్నాయి. అది బ్రిటన్ సాకెట్. స్వీడన్‌లో గుండ్రటి గుంటలో రెండు గుండ్రటి రంధ్రాలుంటాయి. ఆ వంటిల్లు స్వీడన్‌లోనే లేదు. పాస్‌పోర్టు కూడా అంతకుముందు ఇలాగే మోసపోయిన ఎవరిదో అయ్యుంటుంది. మీ పాస్‌పోర్టు కాపీ ఎవరికి పడితే వాళ్లకు పంపవద్దనేది అందుకే.

కారిడార్ గది అద్దె నెలకు సుమారు 4 వేల నుంచి 6 వేల క్రోనాలు ఉంటుంది. ఊరి మధ్య విడి ఫ్లాట్ ఆ ధరకే ఇస్తానంటే అనుమానించండి. వీడియో కాల్ అడగండి. రికార్డు చేసిన వీడియో పంపితే ఒప్పుకోవద్దు. కాల్‌లో ఉండగానే కిందికి దిగి వీధి తలుపు, ఇంటి నంబరు చూపించమనండి, మళ్లీ పైకెళ్లి వంటింటి కుళాయి తిప్పమనండి. స్వీడన్‌లో ఎవరు ఏ చిరునామాలో నమోదై ఉన్నారన్నది రహస్యం కాదు. హిట్టా లాంటి డైరెక్టరీల్లో పేరు కొడితే చాలామంది చిరునామా కనబడుతుంది. ఆ పేరు, ఇంటి నంబరు కలవకపోతే ఎందుకో అడగండి. అన్నిటికంటే మేలు, అక్కడున్న ఒక మనిషి వెళ్లి గది చూసిరావడం. తెలియని సీనియర్‌నైనా "అన్నా, ఒక్కసారి చూసి రాగలవా" అని అడగడానికి మొహమాటపడకండి. చూడని గదికి వెస్టర్న్ యూనియన్ లాంటి దారిలో డబ్బు పంపవద్దు, వెయ్యి క్రోనాలైనా సరే.

ఇక మనవాళ్ల దగ్గర తీసుకునే గదులు. వాట్సాప్ గ్రూపులో "నా రూమ్ ఖాళీ అవుతోంది, ఆర్నెల్లకు ఇస్తా" అనే మెసేజ్ తరచూ వస్తుంది. మనవాడే కదా అని కాగితం అడగరు. ఒకరి అద్దె గదిని ఇంకొకరికి ఇవ్వడాన్ని అక్కడ 'ఆంద్రాహాండ్' అంటారు. దానికి అసలు యజమాని ఒప్పుదల ఉండాలి. అది లేకుండా దొంగచాటుగా ఇచ్చిన సంగతి బయటపడితే ఇచ్చినవాడి కాంట్రాక్టు పోతుంది, మధ్య చలికాలంలో మీరు సూట్‌కేసుతో బయటికి రావాలి. ఒప్పుదల మెయిల్ చూపించమంటే బాధపడే సీనియర్ దగ్గర గది తీసుకోకండి. కాంట్రాక్టు మీ పేరుకు మార్చడానికి విడిగా డబ్బు అడిగితే అక్కడితో మాట ఆపేయండి. 2019 అక్టోబరు నుంచి అద్దె కాంట్రాక్టు అమ్మడమే కాదు, కొనడం కూడా నేరమే, జైలు శిక్ష దాకా వెళ్లొచ్చు.

సొంత ఫ్లాట్ ఉన్న మనిషి దగ్గర నేరుగా అద్దెకు తీసుకుంటే 2013లో వచ్చిన ప్రైవేటు అద్దె చట్టం వర్తిస్తుంది. మీరు ఖాళీ చేయాలంటే ఒక నెల ముందు చెబితే చాలు. యజమాని ఖాళీ చేయమనాలంటే మూడు నెలల గడువివ్వాలి. అద్దె మరీ ఎక్కువనిపిస్తే హ్యూరెస్‌నేమ్‌డెన్ అనే అద్దె ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు.

లుండ్‌లోనే ఉండాలని పట్టుబట్టకండి. మాల్మో నుంచి రైలు పావుగంట లోపే. ఎస్లోవ్, లాండ్స్‌క్రోనా కూడా రైలు దారిలోనే ఉన్నాయి. కోపెన్‌హాగన్ మాత్రం వద్దు. వంతెన దాటితే వచ్చేస్తుంది కానీ స్వీడన్ నివాస పర్మిట్‌తో డెన్మార్క్‌లో కాపురం ఉండే హక్కు లేదు.

భార్యనో భర్తనో తీసుకెళ్లాలనుకునేవాళ్లకు ఒక మాట. జంటలకు సరిపడే ఇళ్లు ఇంకా తక్కువ. ముందు మీరొక్కరే వెళ్లి, ఇల్లు కుదిరాక పిలిపించుకోండి. గది తేలకుండానే విమానం ఎక్కాల్సి వస్తే, కనీసం రెండు మూడు వారాలకు మాల్మోలో హాస్టల్ బెడ్ ఇక్కడి నుంచే బుక్ చేసుకోండి. ఆగస్టు చివర్లో అవీ నిండిపోతాయి.

గది దొరికిన రోజే ఖాళీ గోడలకు, పరుపుకు, గీతలు పడిన నేలకు ఫోటోలు తీసి యజమానికి మెయిల్ చేయండి. డిపాజిట్ పేచీ వస్తే అవే సాక్ష్యం. రోడ్డు పక్కన వదిలేసిన సోఫాలు, పరుపులు తెచ్చుకోకండి, నల్లులు వస్తాయి. కారిడార్ వంటింట్లో తాలింపు వేసేటప్పుడు ముందే చిమ్నీ ఆన్ చేసి కిటికీ తెరవండి. పొగకు ఫైర్ అలారం మోగితే అందరూ మెట్ల మీదికి రావాలి.

తర్వాత స్కాట్టెవెర్కెట్ అనే టాక్స్ ఆఫీసులో చిరునామా నమోదు చేసుకోవాలి. ఏడాదికి తగ్గని పర్మిట్ ఉంటే పర్సన్‌నుమ్మర్ అనే వ్యక్తిగత గుర్తింపు నంబరు వచ్చేది దీంతోనే. బ్యాంకు ఖాతా, ఫోన్‌లో గుర్తింపు చూపే బ్యాంక్‌ఐడీ అన్నీ దాని వెనకే వస్తాయి. "నా ఇంటి అడ్రస్ మీద నమోదు చేసుకోవద్దు" అనే యజమాని ఏదో దాస్తున్నాడని అర్థం. గదిలో అడుగుపెట్టిన సాయంత్రమే చిన్న కాగితం మీద మీ ఇంటిపేరు పెద్ద అక్షరాలతో రాసి, తలుపుకున్న ఉత్తరాల చీలిక పైన టేపుతో అంటించండి. తలుపు మీద పేరు లేకపోతే పోస్టుమనిషి ఉత్తరం వెయ్యడు, వెనక్కి పంపేస్తాడు. నా బ్యాంకు పిన్ ఉత్తరం అలా రెండుసార్లు తిరిగిపోయింది.