పాఠం 4: పూల బీడుకి పెంట ఎందుకు తోలారు?

ఈసారి గింజలు ఏరడం గురించి రాద్దామనుకున్నా, కానీ మీ ఫొటోలు చూశాక అది వచ్చే పాఠానికి జరిపేశా. పోయినసారి పూల బీడుకి, అంటే బీడు మీది పూల గింజలు చల్లి పెంచే జాగాకి, "నేల సిద్ధం చేసుకోండి" అని ఒక్క ముక్కలో వదిలేశాను కదా, చాలామంది అక్కడే దెబ్బతిన్నారు. ట్రాక్టర్ పెట్టి లోతుగా దున్నించి, ట్రాలీ నిండా పశువుల పెంట తోలించి, ఇప్పుడేమో బతుకమ్మలో పేర్చే గునుగు ఎక్కడా లేదు, అంతా వయ్యారిభామ కలుపే అంటున్నారు.

మనం వేసేది మిరపతోట కాదండీ. తంగేడు, తుమ్మి, విష్ణుక్రాంత ఇవన్నీ బీడు మీద, ఎర్రమట్టిలో, రాళ్ళ మధ్యన బతికే మొక్కలు. నేలకి బలం ఎక్కువైతే ముందు లేచేది గరిక, తుంగ, వయ్యారిభామ, అవి నీడ కమ్మేస్తే చిన్న మొక్క అక్కడే ఆగిపోతుంది. పైగా సరిగ్గా మాగని పెంటలో కలుపు గింజలు బోలెడు, లోతు దున్నితే ఏళ్ళ తరబడి కింద పడున్నవి కూడా పైకొస్తాయి. వేపపిండి వేయొచ్చా, వర్మీకంపోస్ట్ కొంచెం వేయొచ్చా అని కూడా అడిగారు. వద్దు, ఏదీ వద్దు.

ఆల్రెడీ వేసేసినవాళ్ళు ఈ ఏడాది పూల ఆశ వదులుకుని జొన్న చల్లండి, చొప్పతో సహా కోసి బయటికి తీసేయండి, ఆ బలం కొంత దాంతో పోతుంది. వయ్యారిభామని పూత రాకముందే, వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు వేరుతో సహా పీకాలి, చేతులకి గ్లవ్స్ తప్పనిసరి, దద్దుర్లు వస్తాయి.

వేయనివాళ్ళు మృగశిరలో మొదటి వానకి మొలిచిన కలుపుని పారతో పైపైన, రెండు వేళ్ళ లోతు మించకుండా చెక్కేయండి. తర్వాత గుప్పెడు గునుగు గింజలకి పది గుప్పెళ్ళ ఇసుక కలిపి చల్లి, మట్టి కప్పకుండా కాళ్ళతో తొక్కండి చాలు. తంగేడు గింజ పెంకు గట్టిది, వేడినీళ్ళు పోసి రాత్రంతా నానబెట్టాలి, అది మొదటి ఏడాదే పూస్తుందని ఎదురుచూడకండి. గునుగు ఏటా గింజ నుంచే రావాలి కాబట్టి దాని జాగా ఏటా చెక్కాలి, తంగేడు మొదళ్ళ దగ్గరికి మాత్రం పార తీసుకెళ్ళొద్దు. బంతి కలపొచ్చా అంటే, నేనైతే కలపను, అది పెరట్లో ఉండాల్సిన పువ్వు.

బతుకమ్మకి కోసుకోండి, కానీ సగం పూలు చెట్టుకే ఉంచండి, బీడంతా కోసేయడం మాత్రం గింజ రాలాకే.

అభ్యాసం: ఒక మీటరు చదరం తాడుతో కట్టి, 15 రోజులు రోజూ అందులో మొలిచిన ప్రతి మొక్కనీ లెక్కపెట్టి మొదటి రెండాకుల బొమ్మ గీయండి. ఏది గునుగో ఏది కలుపో తేలేదాకా ఒక్కటీ పీకొద్దు.