సామాజిక భాగస్వామ్యాన్ని కొలిచే అడాప్టివ్ ప్రశ్నావళి: సప్రమాణత పరీక్షలో సమస్యలు - పరిష్కారాలు

ఇచ్చిన జవాబును బట్టి తర్వాతి ప్రశ్నను ఎంచుకునే అడాప్టివ్ ప్రశ్నావళి వింత ఫలితాలు ఇవ్వగానే, చాలామంది ఆ ఎంపికను నడిపే సాఫ్ట్‌వేర్‌ను అనుమానిస్తారు. లోపం అక్కడ ఉండడం అరుదు. ఎక్కువసార్లు అది ప్రశ్నల నిధిలోనో (ప్రశ్నలను ఎంచుకునే మొత్తం సేకరణలోనో), ఆ నిధి దేన్ని కొలవాలన్న నిర్వచనంలోనో ఉంటుంది. అందుచేత ముందు నిధిని పరిశీలించి, ఆ తర్వాతే ఎంపిక నియమాల జోలికి వెళ్లడం మంచిది.

సమస్య: చురుగ్గా ఉండేవారికి ప్రశ్నలు ఎంతకీ ముగియవు

ప్రామిస్ (రోగులు తమ ఆరోగ్యం గురించి తామే ఇచ్చే జవాబులతో కొలిచే అమెరికా ప్రశ్నావళుల వ్యవస్థ) కొలమానాలలో సగటు 50, ప్రామాణిక విచలనం 10 ఉండే టీ-స్కోరు వాడతారు. కనీసం 4, గరిష్ఠంగా 12 ప్రశ్నలు అడుగుతూ, ప్రామాణిక దోషం (స్కోరులో ఉండే అనిశ్చితి) 3 కంటే తగ్గగానే ఆపడం అక్కడి సాధారణ నియమం. ఆ దోషం సుమారు 0.91 విశ్వసనీయతకు (1 అంటే దోషమే లేని కొలత) సమానం. భాగస్వామ్యం బాగా ఉన్నవారు 12 ప్రశ్నలకూ జవాబిచ్చిన తర్వాత కూడా ఈ హద్దుకు చేరకపోతే, నిధిలోని ప్రశ్నలన్నీ ఇబ్బంది గురించే అడుగుతున్నాయని అర్థం. ఏ ఇబ్బందీ లేదని చెప్పే ఇద్దరి మధ్య తేడాను అలాంటి ప్రశ్నలు ఎన్ని అడిగినా పట్టుకోలేవు.

వ్యక్తుల స్కోర్లను, ప్రశ్నల కఠినతా స్థాయులను ఒకే కొలబద్దపై పక్కపక్కన గీసి చూస్తే పైభాగాన ఖాళీ కనిపిస్తుంది. ఇతరులను కూడగట్టి కార్యక్రమం నిర్వహించడం వంటి కష్టతరమైన ప్రశ్నలను చేర్చి, పాత ప్రశ్నల స్థాయులను మార్చకుండా లంగరుగా ఉంచి కొత్తవాటిని అదే కొలబద్దపైకి తేవాలి. అయితే పునరావాస చికిత్స పొందుతున్నవారి కోసమే ప్రశ్నావళిని వాడేటట్లయితే పైభాగంలో అంత కచ్చితత్వం అవసరం లేదు. తర్వాతి ప్రశ్న వల్ల దోషం చెప్పుకోదగినంత తగ్గదని తేలినప్పుడు ఆపేసే నియమాన్ని జోడిస్తే సరిపోతుంది. అందరికీ కలిపి దోషపు హద్దును పెంచడం మాత్రం సరికాదు, ఎందుకంటే దానివల్ల కొలత బాగున్న చోట కూడా కచ్చితత్వం పడిపోతుంది.

సమస్య: అనుకరణలో అద్భుతం, క్షేత్రంలో అంతంతమాత్రం

పూర్తి నిధికి ముందే సేకరించిన జవాబులపై అనుకరణ (అడాప్టివ్ పరీక్షను ఆ జవాబులతోనే కంప్యూటర్‌లో ఆడించి చూడడం) నడిపితే, అడాప్టివ్ స్కోరుకూ పూర్తి స్కోరుకూ సహసంబంధం (రెండూ కలిసి పెరిగి తగ్గే తీరు) చాలా ఎక్కువగా వస్తుంది. రెండు స్కోర్లలోనూ ఉన్నవి అవే జవాబులు, అవే పొరపాట్లు కనుక అలా రాకపోతేనే ఆశ్చర్యపడాలి. ప్రశ్నలు ఎంత తగ్గించవచ్చో ఇది చెబుతుంది గాని, సప్రమాణతకు, అంటే కొలవాలనుకున్నదాన్నే కొలుస్తున్నదనడానికి, రుజువు కాదు. ప్రశ్నావళిని నిజంగా నడిపి, దానితోపాటు హూడాస్ 2.0 (ప్రపంచ ఆరోగ్య సంస్థ వైకల్య అంచనా ప్రశ్నావళి) వంటి వేరే కొలమానాన్ని కూడా ఇచ్చి, ఏ కొలమానంతో ఎంత సహసంబంధం రావాలో ముందే రాసిపెట్టుకోవాలి. ఆ పరికల్పనలలో కనీసం 75 శాతం నిలబడాలన్నది ఆరోగ్య కొలమానాల నాణ్యతను అంచనా వేసే కాస్మిన్ మార్గదర్శకాల ప్రమాణం.

సమస్య: ఒకే స్థాయి భాగస్వామ్యం ఉన్న రెండు వర్గాలకు వేర్వేరు స్కోర్లు

ఉద్యోగ బాధ్యతల గురించిన ప్రశ్నకు పదవీ విరమణ చేసినవారు, ఉద్యోగులు ఒకే తీరున జవాబివ్వరు. 30 ప్రశ్నల స్థిర ప్రశ్నావళిలో ఇటువంటి పక్షపాతం మిగతావాటిలో కలిసిపోతుంది. అడాప్టివ్ పద్ధతిలో, అత్యధిక సమాచారం ఇచ్చే ప్రశ్న అదే అయితే దాదాపు అందరికీ అదే ముందుగా వస్తుంది. 5 ప్రశ్నలతో ముగిసే పరీక్షలో స్కోరును నిర్ణయించే జవాబుల్లో అది ఐదో వంతు. కాబట్టి ఎంత పక్షపాతం ఉందన్నదానితోపాటు, ఆ ప్రశ్న ఎంత తరచుగా ఎంపికవుతున్నదన్నదీ చూడాలి. క్రమసూచక లాజిస్టిక్ రిగ్రెషన్‌లో (స్థాయి ఒకటే అయినా వర్గాన్ని బట్టి జవాబు మారుతుందా అని చూసే గణాంక పద్ధతిలో) వర్గాన్ని చేర్చినప్పుడు మెక్‌ఫాడెన్ ఆర్-స్క్వేర్ (లెక్క జవాబులకు ఎంత సరిపోతుందో చెప్పే సంఖ్య) మార్పు 0.02 దాటిన ప్రశ్నలను సాధారణంగా అనుమానించదగినవిగా గుర్తిస్తారు. వాటిని వెంటనే తీసివేయకుండా, వర్గానికొక పరామితి (ప్రశ్న కఠినత వంటి విలువ) ఇచ్చి స్కోరు ఎంత మారుతుందో లెక్కించడం మేలు. అనువదించిన ప్రశ్నలకు మూలభాషలోని పరామితులను వాడేముందు కూడా ఇదే పరీక్ష తప్పనిసరి.

సమస్య: ఇంటిపట్టున తృప్తిగా ఉన్నవారికి తక్కువ స్కోరు

ఇది గణాంకాలతో సరిదిద్దలేని లోపం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001 నాటి ఐసీఎఫ్ (పనితీరు, వైకల్యం, ఆరోగ్యాల అంతర్జాతీయ) వర్గీకరణ, భాగస్వామ్యాన్ని జీవన సందర్భాలలో పాలుపంచుకోవడంగా నిర్వచించింది. ఎంత తరచుగా పాల్గొంటున్నారు, పాల్గొనగలరా, దానితో తృప్తిగా ఉన్నారా అనేవి మూడు వేర్వేరు ప్రశ్నలు. వీటిని ఒకే నిధిలో కలిపితే, ఎవరికి ఏ రకం ప్రశ్న వచ్చిందన్నదానిపై స్కోరు ఆధారపడుతుంది. ప్రామిస్‌లో సామర్థ్యానికి ఒకటి, తృప్తికి మరొకటి చొప్పున విడి నిధులున్నాయి. కారకాంశ విశ్లేషణలో (ప్రశ్నలన్నీ ఒకే లక్షణాన్ని కొలుస్తున్నాయా అని చూసే పద్ధతిలో) ఒకే కారకాంశం నిలబడకపోతే నిధిని విడదీయండి; జవాబిచ్చేవారు ప్రశ్నను ఎలా అర్థం చేసుకున్నారో ముఖాముఖి అడిగి తెలుసుకోండి.

సమస్య: దోషం త్వరగా తగ్గుతుంది, కానీ మళ్లీ కొలిస్తే స్కోరు నిలవదు

మాట మార్చి అడిగిన జంట ప్రశ్నలు నిధిలో ఉంటే, రెండో జవాబు కొత్త సమాచారమన్నట్లు లెక్కలోకి వచ్చి దోషం కృత్రిమంగా తగ్గుతుంది. అవశేష సహసంబంధం (కొలిచే లక్షణం వల్ల వచ్చేది తీసేశాక రెండు జవాబుల మధ్య మిగిలే సంబంధం) 0.2 దాటిన జంటలను గుర్తించి, ఒకటి అడిగితే రెండోది రాకుండా నియమం పెట్టాలి.

సమస్య: "నాకు వర్తించదు" అన్నవారి స్కోరు పడిపోతుంది

ఆ జవాబును అట్టడుగు స్థాయిగా నమోదు చేస్తున్నారేమో చూడండి. దాన్ని ఖాళీగా వదిలి, తర్వాతి ఉత్తమ ప్రశ్నకు వెళ్లేలా మార్చాలి.