ఘాటీ పరుగు – నాలుగో పాఠం: దిగుడు

ఇంతవరకూ ఎక్కడమే నేర్చుకున్నాం. అరగంటసేపు, పక్కవాళ్ళతో రెండు పూర్తి వాక్యాలు మాట్లాడగలిగే ఊపిరితో ఎక్కుడు మీద పరుగెత్తగలుగుతున్నవాళ్ళు ఈ పాఠం మొదలుపెట్టవచ్చు. మధ్యలో ఇంకా ఆయాసంతో ఆగిపోతుంటే మూడో పాఠాన్నే మరో రెండు వారాలు చెయ్యండి.

ఒడిశాలో కొరాపుట్, సునాబేడ, సిమిలిగుడ, రాయగడ వైపు ఉండేవాళ్ళకి కొండదారి వెతుక్కోవాల్సిన పనిలేదు. అయినా ఎక్కడాన్ని సాధన చేసినట్టు దిగడాన్ని ఎవరూ సాధన చెయ్యరు. ఎక్కేటప్పుడు గుండె కొట్టుకుంటుంది, చెమట కారుతుంది, కష్టపడుతున్నామని తెలుస్తుంది. దిగేటప్పుడు ఊపిరి హాయిగా ఉంటుంది. యాభై దాటినవాళ్ళు మోసపోయేది ఆ హాయి దగ్గరే. ఎక్కుడు అలసట ఆ పూటే తెలుస్తుంది. దిగుడు దెబ్బ మర్నాడో ఎల్లుండో ఇంటి మెట్లు దిగబోతే తెలుస్తుంది.

కారణం తొడ ముందు కండలో ఉంది. ఎక్కేటప్పుడు అది ముడుచుకుంటూ మనల్ని పైకి తోస్తుంది. దిగేటప్పుడు సాగుతూనే ఒంటి బరువుని ఆపాలి. నూతిలోకి బరువైన సామాను దింపేటప్పుడు తాడు వదిలెయ్యకుండా, బిగబట్టి కొంచెం కొంచెంగా జారనిస్తాం కదా, అదే పని. అలా సాగుతూ బరువు మోసినప్పుడు కండపోగుల్లో సన్నటి చిరుగులు పడతాయి. నొప్పి, బిగుతు 24 నుంచి 72 గంటల మధ్య ముదురుతాయి. 2005లో గాట్‌షాల్, క్రామ్ అనే పరిశోధకులు కొలిచి చూశారు. 9 డిగ్రీల దిగుడులో, అంటే దాదాపు 16 శాతం వాలులో, పాదం నేలని తాకే తొలి దెబ్బ చదును నేల మీదకంటే 54 శాతం పెరిగింది. అదే కోణంలో ఎక్కినప్పుడు 39 శాతం తగ్గింది.

వయసు మీదపడేకొద్దీ ముందుగా సన్నబడేవి చురుకుగా పనిచేసే కండపోగులు. ఉన్నట్టుండి బ్రేకు వెయ్యడానికి పనికొచ్చేవి అవే, దిగుడులో ఎక్కువ చిరిగేవీ అవే. మానడానికి పాతికేళ్ళ వయసులో పట్టినన్ని రోజులు చాలవు. అయితే మంచి సంగతి ఒకటుంది. కొంచెంగా దెబ్బతిని మానిన కండ, ఆ తర్వాత కొన్ని వారాలపాటు అదే పనిని చాలా తక్కువ నొప్పితో తట్టుకుంటుంది. టీకా లాంటిదే అనుకోండి. మొదటి మోతాదు చిన్నదిగా ఉండాలి, మానాక రెండోది ఇవ్వాలి. ఈ పాఠమంతా ఆ లెక్క మీదే నడుస్తుంది.

చోటు, వాలు

మీకు కావలసింది 3 నుంచి 5 శాతం వాలున్న, 400 మీటర్ల పొడవైన తారు రోడ్డు ముక్క. వాలు కొలవడానికి తాపీమేస్త్రీ దగ్గర రసమట్టం అడిగి తెచ్చుకోండి. సరిగ్గా మీటరు పొడవున్న తిన్నని బద్ద మీద దాన్ని పెట్టి, బద్ద ఎగువ కొనని రోడ్డుకి ఆనించండి. బుడగ నడిమికి వచ్చేదాకా దిగువ కొనని పైకెత్తండి. ఆ కొన కింద ఎన్ని సెంటీమీటర్ల ఖాళీ ఉంటే అంత శాతం వాలు. నాలుగు సెంటీమీటర్లుంటే 4 శాతం. ఎగువన, మధ్యలో, దిగువన మూడుచోట్ల కొలవాలి. కంటికి చదునుగా కనిపించిన ముక్క 3 శాతం ఉండడం మామూలే.

పెద్ద ఘాట్ రోడ్లని 5, 6 శాతం వాలు దాటకుండా కట్టాలని చూస్తారు, అన్ని వంకరలూ అందుకే. ఊళ్ళలోకి వెళ్ళే రోడ్లకి అంత పట్టింపు ఉండదు, కొన్ని ముక్కలు 10 శాతం కూడా దాటతాయి. అందువల్ల వాలు లెక్క ప్రకారం పెద్ద రోడ్డే మంచిదనిపిస్తుంది. కానీ సాలూరు నుంచి సుంకి మీదుగా కొరాపుట్ వచ్చే జాతీయ రహదారి మీద గానీ, కొరాపుట్–జయపురం ఘాటీలో గానీ ఈ సాధన వద్దు. దిగుతున్న లారీకి బ్రేకుల మీద ఎంత పట్టు ఉందో మనకి తెలియదు. కొలిచి చూసుకున్న చిన్న రోడ్డే మేలు. దేవమాలి శిఖరం 1,672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికంటే ఎత్తు. ఆ రోడ్డు మీద మనసు పడడం సహజమే గానీ, ఈ పాఠంలో దాని జోలికి పోవద్దు.

వంపు తిరిగేచోట ఒక కిటుకుంది. హెయిర్‌పిన్ మలుపులో లోపలి అంచు పొట్టి, బయటి అంచు పొడుగు. రెండూ దిగే ఎత్తు ఒకటే కాబట్టి లోపలి అంచు వాలు చాలా నిటారుగా ఉంటుంది. దూరం కలిసొస్తుందని అటు కోసుకుపోతే మోకాళ్ళ మీద పడుతుంది. రోడ్డు నడిమికి దగ్గరగా, వాలు తక్కువున్న గీత మీద తిరగండి. ఎదురుగా వచ్చే బండి కనిపించని మలుపైతే పరుగు ఆపి అంచున నడవండి.

ఒళ్ళు పట్టుకునే తీరు

దిగేటప్పుడు భయం వేస్తే నడుం వెనక్కి వాలుతుంది. వాలగానే పాదం ఒంటికంటే ముందుకెళ్ళి, మోకాలు నిటారుగా ఉండగా మడమ నేలకి గుద్దుకుంటుంది. ఇక్కడే అన్నీ చెడతాయి. ఆ గుద్దు పిక్కలో ఆగదు, మోకాలి చిప్పకీ తుంటికీ పోతుంది.

సరైన తీరు ఇది. ఒళ్ళు రోడ్డుకి నిలువుగా ఉండాలి, అంటే చీలమండ దగ్గర నుంచి ఒక్క పిసరు ముందుకి. నడుం దగ్గర వంగకూడదు. అడుగు పొట్టిగా, పాదం తుంటి కిందే పడాలి. నేలని తాకే క్షణానికి మోకాలు కొద్దిగా వంగి ఉండాలి. మోచేతులు మామూలుకంటే కొంచెం బయటికి పెడితే తూకం నిలుస్తుంది. చూపు ఎనిమిది పది మీటర్ల ముందుండాలి.

అడుగుల వేగం లెక్క పెట్టండి. చదును మీద కుడికాలు 15 సెకన్లలో ఎన్నిసార్లు నేలని తాకుతోందో ముందు చూసుకోండి. 20 అయితే నిమిషానికి మొత్తం 160 అడుగులు. దిగుడులో అది 21 లేదా 22 కావాలి, అంటే 168 నుంచి 176. వేగం పెరగకుండా అడుగులు పెరగాలి. అది అడుగు పొట్టిచేస్తేనే కుదురుతుంది.

చెవి కూడా కొలమానమే. ధబ్ ధబ్‌మని వినిపిస్తే బ్రేకు వేస్తున్నట్టు. సన్నగా టపటపమంటే బాగా దిగుతున్నట్టు. చెవుల్లో పాటలు పెట్టుకుంటే ఈ గురువు దూరమవుతాడు, వెనకొచ్చే బండి కూడా వినిపించదు.

గుండె వేగం చూసే చేతి గడియారం దిగుడులో దేనికీ పనికిరాదు. గుండెకి పని తక్కువే, భారమంతా కండలదే. బీపీకి అటెనొలాల్, మెటోప్రొలాల్ లాంటి మాత్రలు వాడేవాళ్ళకి గుండె వేగం ఎలాగూ అణిగే ఉంటుంది కాబట్టి ఎక్కేటప్పుడు కూడా ఆ అంకె మీద ఆధారపడొద్దు.

మోతాదు

దూరం కాదు, దిగిన ఎత్తు లెక్క కట్టండి. 100 మీటర్ల దూరం, 4 శాతం వాలు అంటే 4 మీటర్ల దిగుడు. ప్రతిసారీ ఎగువకి నడిచే వెళ్ళాలి, పరుగు దిగేటప్పుడే. ముందు పావుగంట చదును మీద నెమ్మదిగా పరుగెత్తి ఒళ్ళు వేడెక్కించుకోండి.

మొదటి వారం ఒకే రోజు, 100 మీటర్లు 6 సార్లు: మొత్తం 24 మీటర్లు. ఇంతేనా అనిపిస్తుంది. అంతే. రెండో వారం 200 మీటర్లు 6 సార్లు, 48 మీటర్లు. మూడో వారం 400 మీటర్లు 4 సార్లు, 64 మీటర్లు. నాలుగో వారం మళ్ళీ 24కి దిగిపోవాలి; మానే పని అప్పుడే జరుగుతుంది. ఐదో వారం అంతే వాలున్న పొడవైన రోడ్డు మీద 2 కిలోమీటర్లు ఆగకుండా, 80 మీటర్లు. యాభైల్లో ఉన్నవాళ్ళు ఏడు రోజులకొకసారి, అరవై ఐదు దాటినవాళ్ళు పది రోజులకొకసారి చెయ్యండి. తర్వాతి రెండు రోజులూ చదును మీద నడక, లేదా సైకిల్.

మహారాష్ట్రలో జరిగే సతారా హిల్ హాఫ్ మారథాన్‌లో కాస్ వైపు కొండ ఎక్కి, అదే దారిన దిగిరావాలి. అలాంటి పందెం మనసులో పెట్టుకున్నవాళ్ళు ఎక్కుడుకి ఇచ్చినంత గౌరవం దిగుడుకీ ఇవ్వకపోతే రెండో సగంలో తొడలు మొరాయిస్తాయి.

దీనికి తోడు వారంలో రెండు రోజులు ఇంట్లో మెట్టు పని. 15 సెంటీమీటర్ల ఎత్తున్న మెట్టు అంచున ఒంటికాలి మీద నిలబడి, నాలుగు అంకెలు లెక్కపెడుతూ రెండో మడమని నెమ్మదిగా నేలకి తాకించండి. గోడకి వేలు ఆనించుకోవచ్చు. కాలికి 8 సార్లు, రెండు విడతలు. మోకాలు లోపలికి వంగిపోతుంటే మెట్టు ఎత్తు తగ్గించండి. దిగుడు పరుగు మర్నాడు ఇది వద్దు.

ఎక్కడ చెడుతుంది

కళ్ళజోడు సంగతి ఎవరూ చెప్పరు, అందుకే ఇక్కడ గట్టిగా చెబుతున్నాం. బైఫోకల్, ప్రోగ్రెసివ్ అద్దాల కింది భాగం దగ్గరి చూపు కోసం చేసింది. దిగేటప్పుడు కాళ్ళ దగ్గరకి చూస్తే రోడ్డు మసగ్గా, ఉన్నచోట లేనట్టు కనబడుతుంది, అడుగు తప్పుతుంది. దూరపు చూపుకి మాత్రమే ఒక చవక జోడు చేయించుకుని పరుగుకి అదే వాడండి.

బొటనవేలి గోరు నల్లబడితే పాదం బూటులో ముందుకి జారుతోందని అర్థం. బూటు ముందు చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. చీలమండ దగ్గరున్న ఆఖరి కన్నం ఊరికే పెట్టలేదు. రెండువైపులా ఆఖరి రెండు కన్నాల మధ్య లేసుతో చిన్న ఉచ్చు వేసి, ఎదురు లేసుని ఆ ఉచ్చులోంచి తీసి బిగిస్తే మడమ కదలదు. గోళ్ళు ముందురోజే కత్తిరించుకోండి.

మోకాలి బయటివైపు నొప్పి ఒక్క కాలికే వస్తుంటే రోడ్డు అంచుల ఏటవాలు మీద ఎప్పుడూ ఒకే పక్కన పరుగెత్తుతున్నారేమో చూసుకోండి. బండ్లు రానిచోట నడిమికి జరగాలి.

వర్షాకాలంలో కల్వర్టుల మీద పాకుడు పడుతుంది. గెడ్డ పొంగి తగ్గాక తారు మీద ఎర్ర గరుసు మిగులుతుంది. పంట నూర్పిళ్ళప్పుడు రోడ్డు మీద ఆరబోసిన చోళ్ళు గుండ్రటి గింజలు, బూటు కింద పడితే కాలు నిలవదు. డిసెంబరు, జనవరి నెలల్లో పొద్దున్నే మంచు కమ్మి ఉంటే ఆ రోజుకి ఎక్కడంతో సరిపెట్టండి. సంత రోజున తెల్లవారుజామునే నెత్తిన బరువులతో జనం నడుస్తారు, వాళ్ళకి దారి వదలాలి.

నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి బిళ్ళలు వేసుకుని పరుగెత్తొద్దు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు అవి మూత్రపిండాలకి చేటు. కొలెస్ట్రాల్‌కి స్టాటిన్ మాత్రలు వాడేవాళ్ళు కండల నొప్పి వారం దాటినా తగ్గకపోతే డాక్టరుకి చెప్పాలి. మూత్రం కాఫీ డికాషన్ రంగులో వస్తే ఆలస్యం చెయ్యకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. అది కండ చిరిగి రక్తంలో కలుస్తోందనడానికి గుర్తు కావచ్చు.

ఐదో పాఠానికి ముందు ఒక చిన్న పుస్తకంలో ఇవి రాసిపెట్టుకోండి: ప్రతి దిగుడు రోజూ దిగిన ఎత్తు, కుడికాలి లెక్క, మర్నాడూ ఎల్లుండీ చెయ్యి ఆనకుండా మెట్లు దిగగలిగారా లేదా. ఎల్లుండి కూడా గోడ పట్టుకోవాల్సి వస్తే పై వారానికి వెళ్ళకండి, అదే మోతాదు మళ్ళీ చెయ్యండి. ఐదో పాఠంలో ఎక్కుడూ దిగుడూ కలిపి 10 కిలోమీటర్ల దారిని ముక్కలుగా పంచుకోవడం చూద్దాం, దానికి ఈ అంకెలన్నీ కావాలి.