ఓడ ఆగదు: మొదటిసారి క్రూయిజ్ ఎక్కేవాళ్లకు జాగ్రత్తలు

మొన్న ఒడిశాలోని మా బరంపురం కుటుంబం ఒకటి విశాఖ రేవు గేటు బయట నిలబడిపోయింది. పెద్దాయన షష్టిపూర్తికని పిల్లలంతా తలా ఇంత వేసుకుని కొన్న టికెట్లు. రాత్రి 7కి ఓడ, సాయంత్రం 5కి గేటు మూసేస్తారు. పొద్దున్నే బండెక్కితే మధ్యాహ్నం 1కల్లా విశాఖలో దిగిపోవచ్చు, భోంచేసి తీరుబడిగా వెళ్లొచ్చు అనుకున్నారు. బండి బరంపురానికే గంట లేటుగా వచ్చింది. పలాస దాటాక గంటన్నర నిలబడింది, పొందూరు దగ్గర ఇంకో గంట. సింహాచలం తర్వాత ఔటర్‌లో మరో ముప్పావు గంట. పెట్టెలు మోసుకుని, ఆటోలు పట్టుకుని రేవుకి చేరేసరికి 5:40.

ఓడ అక్కడే ఉంది. దీపాలన్నీ వెలిగించుకుని కళ్లెదుటే ఉంది. చిన్నకూతురు, అల్లుడు హైదరాబాద్ నుంచి ముందురోజే వచ్చి మధ్యాహ్నమే ఎక్కేశారు. పై అంతస్తులోంచి ఆ అమ్మాయి ఫోన్ చేసి "నాన్నా, మీరెక్కడున్నారో నాకు కనబడుతోంది" అని ఏడుస్తోంది. గేటు తియ్యలేదు. 7కి ఓడ కదిలింది. పైసా వెనక్కి రాలేదు.

నేను బరంపురంలో ఇరవయ్యేళ్లుగా రైలు, విమానం టికెట్లు తీసిచ్చే పని చేస్తున్నాను. ఈ మధ్య క్రూయిజ్, అంటే ఓడ విహారయాత్ర టికెట్లు కూడా. సన్‌స్క్రీన్ పట్టుకెళ్లండి, టోపీ పెట్టుకోండి అని చెప్పడానికి ఇది రాయడం లేదు. మావైపు వాళ్లు మళ్లీమళ్లీ చేస్తున్న ఒక తప్పు గురించి రాస్తున్నాను.

ఆ తప్పు ఇదీ

ఓడ బయల్దేరే రోజున ఇంట్లోంచి బయల్దేరడం. అంతే. ఓడ కదిలే రోజుకి మీరు రేవున్న ఊళ్లో నిద్రలేవాలి.

మనకి బస్సు అలవాటు. చెయ్యెత్తితే ఆగుతుంది, కండక్టర్ని బతిమాలితే రెండు నిమిషాలు ఆపుతాడు. ఓడ సంగతి వేరు. ఓడను రేవులోంచి సముద్రంలోకి దాటించడానికి పోర్టు పైలట్ వస్తాడు, ముందూ వెనకా లాగే టగ్గులు వస్తాయి, వాటికి ఫలానా సమయమని ముందే రాసిపెట్టి ఉంటుంది. ఓడ ఖాళీ చేసే చోటుకి ఇంకో ఓడ రావాలి. తర్వాతి రేవులోనూ వేళ ప్రకారమే చోటిస్తారు. అన్నిటికన్నా ముఖ్యం, ఓడలో ఎవరెవరున్నారన్న జాబితా బయల్దేరకముందే అధికారుల చేతికి వెళ్లిపోతుంది. జాబితా వెళ్లాక మీ పేరు చేర్చడం గేటు దగ్గరున్న కుర్రాడి చేతిలో లేదు. అతన్ని తిట్టి లాభం లేదు, కాళ్లు పట్టుకున్నా లాభం లేదు. టికెట్ మీద ఓడ బయల్దేరే వేళ పెద్దక్షరాల్లో ఉంటుంది, గేటు మూసే వేళ చిన్నక్షరాల్లో ఉంటుంది. మీక్కావలసింది ఆ చిన్నక్షరాలే. కంపెనీని బట్టి గంట ముందో, రెండు గంటల ముందో మూసేస్తారు.

ఈ తప్పు ఎలా జరుగుతుందో కూడా చెబుతాను. క్రూయిజ్ టికెట్ నాలుగైదు నెలల ముందే కొంటారు. రైలు రిజర్వేషన్ 2024 నవంబరు నుంచి 60 రోజుల ముందు గానీ తెరవడం లేదు. మధ్యలో మర్చిపోతారు. గుర్తొచ్చేసరికి ముందురోజు బండ్లలో వెయిటింగ్ లిస్టు, ఆ రోజు పొద్దున్న బండిలో మాత్రం సీట్లుంటాయి. పైగా ఒక రాత్రి లాడ్జి ఖర్చు మిగులుతుంది కదా అని. తొమ్మిదిమంది ఓడ టికెట్ల డబ్బు ముందు మూడు గదుల అద్దె ఏపాటిది?

మన దారుల సంగతి

బరంపురం, ఇచ్ఛాపురం వాళ్లకి విశాఖ 280 కిలోమీటర్లలోపే, కాబట్టి దగ్గరే అనిపిస్తుంది. హౌరా నుంచి చెన్నై దాకా బండ్లన్నీ ఆ లైను మీదే నడుస్తాయి. ఎక్కడో ఖరగ్‌పూర్ దగ్గర ఆలస్యమైనా మన మీదే పడుతుంది. 2023 అక్టోబరు 29 రాత్రి కంటకాపల్లి దగ్గర పలాస ప్యాసింజర్‌ని వెనకనుంచి రాయగడ ప్యాసింజర్ గుద్దింది గుర్తుందా? పద్నాలుగు మంది పోయారు. మర్నాడు ఆ లైన్లో ఎన్ని బండ్లు రద్దయ్యాయో, ఎన్నిటిని దారి మళ్లించారో నా దుకాణం ముందు నిలబడ్డవాళ్లకి తెలుసు.

రాయగడ, పర్లాకిమిడి వాళ్లకీ ఇదే మాట. జయపురం, కొరాపుట్ వాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. వానాకాలంలో కిరండోల్ లైను మీద కొండరాళ్లు పడితే బండి ఆగిపోతుంది. సాలూరు ఘాటీలో ఒక లారీ అడ్డం తిరిగితే చాలు, కారున్నా కదల్లేరు.

అక్టోబరు, నవంబరుల్లో ఒకరోజు కాదు, రెండు రోజులు ముందు వెళ్లండి. 2013 అక్టోబరు 12న పైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి అదే తేదీన హుద్‌హుద్ విశాఖని కొట్టింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర. దసరా సెలవులకని టికెట్ కొనేముందు ఈ మూడు తేదీలూ ఒకసారి చూసుకోండి. తుఫాను వస్తే ఓడ కంపెనీ దారి మార్చొచ్చు, ఒక రేవు వదిలెయ్యొచ్చు. ఆ హక్కు వాళ్లకుందని టికెట్ షరతుల్లో రాసే ఉంటుంది. కానీ మీ బండి రద్దైనందుకు ఓడ ఆగదు.

సింగపూర్‌లోనో దుబాయ్‌లోనో ఓడెక్కేవాళ్లు కూడా అంతే. భువనేశ్వర్ నుంచో విశాఖ నుంచో మధ్యలో విమానం మారి వెళ్తారు. మొదటి విమానం లేటైతే రెండోది పోతుంది. ముందురోజే దిగండి, ఆ ఊళ్లో పడుకోండి.

పేరు, వీసా

ఇది మన సరిహద్దు జిల్లాల వాళ్లకే ప్రత్యేకమైన చిక్కు. ఒడియాలో రాసినదాన్ని ఇంగ్లీషులోకి ఎక్కించేటప్పుడు వెంకట కాస్తా బెంకట అవుతాడు, వరలక్ష్మి బరలక్ష్మి అవుతుంది. స్కూలు సర్టిఫికెట్లో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో చివర, ఇంకోచోట అసలు ఉండదు. పిల్లలు బెంగళూరు నుంచి టికెట్ తీసేటప్పుడు అమ్మానాన్నల పేర్లు తమకి తెలిసినట్టు కొట్టేస్తారు. మీరు ఏ కార్డు చూపించి ఓడెక్కుతారో ఆ కార్డులో ఎలా ఉందో అక్షరం అక్షరం అలాగే టికెట్లో ఉండాలి. తేడా ఉంటే ఇప్పుడే ఫోన్ చేసి మార్పించండి, గేటు దగ్గర కుదరదు.

పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే దుబాయ్ టూరిస్టు వీసాకి ముందే కనుక్కోండి. 2022 నవంబరు నుంచి అక్కడ పాస్‌పోర్టులో ఇంటిపేరు లేకుండా ఒక్క పేరే ఉన్నవాళ్లకి ఇబ్బంది ఉంది. ప్రయాణం నాటికి పాస్‌పోర్టుకి ఇంకా ఆరునెలల గడువు ఉండాలి.

వీసా దగ్గర చాలామందికి తట్టని విషయం ఒకటుంది. సింగపూర్‌లో ఓడెక్కి, మలేసియా చూసి, మళ్లీ సింగపూర్‌లో దిగారనుకోండి, సింగపూర్‌లోకి మీరు రెండుసార్లు అడుగుపెట్టినట్టు. ఒక్కసారికే ఇచ్చిన వీసా అయితే రెండోసారి పనికిరాదు. దుబాయ్ నుంచి వెళ్లొచ్చే ఓడలకీ ఇదే లెక్క. మల్టిపుల్ ఎంట్రీ అని వీసా మీద ఉందో లేదో కళ్లతో చూసుకోండి.

మధ్య రేవుల్లో

మొదట ఎక్కేటప్పుడు జాగ్రత్తపడ్డవాళ్లు కూడా ఇక్కడ దెబ్బతింటారు. తప్పు మళ్లీ అదే, ఓడ మనకోసం ఆగుతుందనుకోవడం.

2024 మార్చిలో ఆఫ్రికాలో సావో తోమే దీవిలో ఎనిమిదిమంది ప్రయాణికులు బయటివాళ్లతో టూరు మాట్లాడుకుని లేటుగా వచ్చారు. ఓడ ఇంకా లంగరేసే ఉంది. తీర రక్షక దళం పడవలో ఓడ దగ్గరిదాకా వెళ్లారు కూడా. అయినా ఎక్కించుకోలేదు. వాళ్లు దేశాలు మారుతూ వెంటబడి చివరికి సెనెగల్‌లో ఓడని అందుకున్నారు.

ఫోన్‌ని నమ్మకండి. సింగపూర్ నుంచి ఫుకెట్ వెళ్లే ఓడలు కొన్ని సింగపూర్ సమయమే పాటిస్తాయి. ఫుకెట్‌లో దిగగానే మీ ఫోన్ తనంతట తానే థాయ్‌లాండ్ సమయానికి మారిపోతుంది, అంటే ఒక గంట వెనక్కి. ఓడ 5కి అంటే మీ ఫోన్లో అప్పటికి 4. ఇంకా గంట ఉందని మీరు కొబ్బరిబోండాం తాగుతుంటారు, ఓడ వెళ్లిపోతుంది. ఒక మామూలు చేతిగడియారం పెట్టుకోండి, దిగేముందు ఓడలో గోడగడియారం చూసి దిద్దుకోండి, ఇక ముట్టుకోకండి. అందరూ ఎక్కాల్సిన వేళ అని గేటు దగ్గర బోర్డు పెడతారు, దానికి గంట ముందు ఓడ మెట్ల దగ్గర ఉండండి. పోర్ట్ క్లాంగ్‌లో దిగి కౌలాలంపూర్ చూడబోయేవాళ్లు ఒక్క దారికే గంటకు పైన పడుతుందని లెక్కేసుకోండి.

ఓడవాళ్లే నడిపే టూరు ఖరీదెక్కువే. కానీ ఆ బస్సు లేటైతే ఓడ కంపెనీయే చూసుకుంటుంది. మొదటిసారి వెళ్లేవాళ్లు, పెద్దవాళ్లు ఆ టూరే తీసుకోండి.

పెద్దవాళ్లని ఒంటరిగా వెనక్కి పంపకండి. 2025 అక్టోబరులో ఆస్ట్రేలియాలో లిజార్డ్ దీవి దగ్గర ఎనభయ్యేళ్లావిడ కొండ ఎక్కుతూ ఒంట్లో బాగోక వెనక్కి తిరిగింది. ఆవిడ రాలేదన్న సంగతి గమనించకుండా ఓడ వెళ్లిపోయింది. గంటల తర్వాత తెలుసుకుని వెనక్కొచ్చారు. మర్నాడు శవం దొరికింది. ఒకరు వెనుదిరిగితే ఇంకొకరు తోడుగా తిరగాలి. మిగతావాళ్ల సరదా తర్వాత.

మొదటి పూట

ఎక్కగానే అత్యవసర డ్రిల్ ఉంటుంది. ఫొటోలు మానేసి వెళ్లండి. 2012 జనవరి 13 రాత్రి ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా ఓడ రాతిని గుద్దుకుని ఒరిగిపోయింది, 32 మంది చనిపోయారు. ఆ సాయంత్రమే ఎక్కిన వందల మందికి ఇంకా డ్రిల్ జరగలేదు. ఆ తర్వాతే ఓడ బయల్దేరే ముందో, బయల్దేరిన వెంటనేనో డ్రిల్ తప్పనిసరి చేశారు. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినబడితే మీరు ఏ చోటికి వెళ్లాలో, ఏ మెట్లమీదుగానో ఆ డ్రిల్‌లోనే తెలుస్తుంది. ఆ దారి ఒకసారి పిల్లలతో నడిచి చూడండి.

ఇక మిగిలినవి వరసగా చెప్పేస్తున్నాను.

- మందులు చేతిసంచీలోనే. పెద్దపెట్టెలు రేవులో తీసుకుంటే గదికి చేరేసరికి రాత్రవుతుంది, బీపీ, షుగరు మాత్రలు అందులో పెట్టేసి విలవిల్లాడినవాళ్లని చూశాను.
- డాక్టరు చీటీ పట్టుకెళ్లండి.
- ఇస్త్రీపెట్టె, కరెంటు కెటిల్, రైస్ కుక్కర్, ఇండక్షన్ పొయ్యి వద్దు. నడిసముద్రంలో అగ్గి పుడితే పరిగెత్తడానికి చోటుండదు. లాగేసుకుంటారు.
- ఇంట్లో వండిన పులిహోర, పప్పన్నం ఎక్కనివ్వరు. సీలున్న ప్యాకెట్లయితే ముందు కంపెనీని అడగండి.
- ఆరు నెలలు నిండని పసిబిడ్డని, ఇరవైనాలుగు వారాలు దాటిన గర్భిణిని చాలా ఓడలు ఎక్కించుకోవు. టికెట్ కొనేముందే అడగండి, కొన్నాక కాదు.
- వాంతులు, తల తిరగడం ఉన్నవాళ్లు ఓడ మధ్యలో, కింది అంతస్తు గది అడగండి. అక్కడ ఊపు తక్కువ. మాత్ర డాక్టర్ని అడిగి ముందే వేసుకోవాలి, వాంతి మొదలయ్యాక కాదు.
- జూన్, జులైలో బంగాళాఖాతం నిమ్మళంగా ఉండదు.
- సబ్బుతో చేతులు కడుక్కోండి. ఓడల్లో పాకే నోరోవైరస్‌కి సానిటైజర్ చాలదు.
- ఓడ కదలగానే ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. సముద్రంలో ఓడ నెట్‌వర్క్ పట్టుకుంటే బిల్లు వేలల్లో వస్తుంది. పిల్లల ఫోన్లు కూడా.
- టికెట్‌లో ఏముందో, ఏం లేదో రాయించుకోండి. పోర్టు ఛార్జీలు, టిప్పులు, కూల్‌డ్రింకులు విడిగా ఉండొచ్చు. గది కార్డు గీసిన ప్రతిసారీ ఖాతాలో పడుతుంది.
- ఓడ డాక్టరు ఫీజు అక్కడే కట్టాలి. ఓడ తప్పిపోతే, జబ్బుచేసి ఒడ్డుకి చేర్చాల్సివస్తే డబ్బిచ్చే ఇన్సూరెన్స్ కొనండి. ఆ రెండూ ఉన్నాయో లేదో చదివి కొనండి.
- రేవులో దిగితే గది కార్డు, పాస్‌పోర్టు నకలు, కొంత డబ్బు, ఓడవాళ్లు ఇచ్చే రోజువారీ కాగితం మీద ఉండే పోర్టు ఏజెంటు (రేవులో ఓడ కంపెనీ తరఫు మనిషి) నంబరు ఒంటిమీద ఉండాలి.
- రెయిలింగు మీద పిల్లల్ని కూర్చోబెట్టకండి. ఫొటో కోసం అస్సలు వద్దు.
- తిరిగొచ్చిన రోజు ఓడ పొద్దున్న 8కి ఆగితే 9:30 బండికి టికెట్ తీయకండి. దిగడానికే గంటలు పడుతుంది. సాయంత్రం బండి తీయండి.
- ముందురోజే చేరండి.
- ఓడ టికెట్ కొన్న రోజునే క్యాలెండర్‌లో రైలెక్కే రోజుకి 60 రోజుల ముందు తేదీ గుర్తు పెట్టండి, ఆ పొద్దున్నే రైలు టికెట్ తీయండి. ముందురోజు బండికి.
- ఈ నెలా వచ్చే నెలా వెళ్లేవాళ్లలో ఎవరైనా ఓడ రోజు పొద్దున్న బండికి టికెట్ తీసి ఉంటే ఈ పూటే రద్దు చేసుకోండి. రైల్లో దొరక్కపోతే ముందురోజు రాత్రి బస్సుకి వెళ్లండి, అదీ లేకపోతే నలుగురు కలిసి కారు మాట్లాడుకోండి. రేవు దగ్గర గది దొరక్కపోయినా స్టేషన్ దగ్గరైనా పడుకోండి.